మంటలు చిమ్మే ఇనుప పువ్వు కట్టాలంటే ముందు ఏం నేర్చుకోవాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆరుగురు మిత్రులు, పదిహేను మంది కళాకారులు కలిసి వాడుకునే ఒక పెద్ద షెడ్డు, అందులో మీకు దొరికిన ఒక మూల. 4 మీటర్ల ఎత్తున ఇనుప పువ్వు కట్టాలి, రేకులు మోటారుతో విచ్చుకోవాలి, పూర్తిగా విచ్చుకున్నప్పుడు నడిమి నుంచి మంట పైకి లేవాలి. మీలో ఇద్దరికి వెల్డింగ్ వచ్చు, ఒకరికి ఎలక్ట్రానిక్స్ వచ్చు, గ్యాస్ పని ఎవరికీ రాదు. "బర్నర్ ఎలా చేయాలి, మంట ఎంత ఎత్తు లేపొచ్చు" అని అడిగారు.

ఆలోచన చాలా బాగుంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కింద రాసేదంతా చదివితే వద్దంటున్నానని అనుకుంటారు. వద్దనడం లేదు. నేను 14 ఏళ్లుగా ఇలాంటి ఉమ్మడి షెడ్లలోనే పనిచేస్తున్నాను. చీకట్లో మొదటిసారి ఇనుము నోట్లోంచి మంట లేచినప్పుడు చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. ఆ ఒక్క క్షణం చూశాక నెలల తరబడి పడ్డ కష్టం గుర్తుకు కూడా రాదు.

కానీ మీరు బర్నర్ దగ్గర మొదలుపెట్టారు, అక్కడ కాదు మొదలుపెట్టాల్సింది. మంట పుట్టించడం ఈ పనిలో అన్నిటికన్నా తేలిక. గ్యాస్, గాలి, ఒక రవ్వ ఉంటే అదే వెలుగుతుంది. కష్టమంతా ఆపడంలో ఉంది. గ్యాస్ ఆగాలి, కదిలే రేకులు ఆగాలి, రాత్రి తాళం వేసి వెళ్లాక షెడ్డులో ఎక్కడా ఏదీ రగులుతూ ఉండకూడదు. ఈ మూడూ ఎలా ఆపుతారో కాగితం మీద గీసి, చేత్తో కట్టి, చల్లగా ఉండగానే పది పన్నెండుసార్లు ఆపి చూశాక బర్నర్ సంగతి ఆలోచించండి.

ఈ రంగంలో మనకన్నా ముందు నడిచినవాళ్లను చూసినా అదే కనిపిస్తుంది. 1960 మార్చి 17న న్యూయార్క్‌లోని మోడరన్ ఆర్ట్ మ్యూజియం తోటలో జాన్ టింగ్లీ అనే శిల్పి పాత చక్రాలు, మోటార్లు, ఒక పియానో కలిపి కట్టిన యంత్రాన్ని జనం ముందు ఆడించాడు. అది తనను తానే ధ్వంసం చేసుకోవాలన్నది ఆయన ఊహ. సుమారు 27 నిమిషాలు ఆడింది, అనుకున్న వరసలో ఆడలేదు, చివరికి మంట రేగితే ఫైర్‌మ్యాన్ ఆర్పాడు. అందరూ ఆ యంత్రం గురించి చెబుతారు, నాకైతే ఆ రోజు ఫైర్‌మ్యాన్ అక్కడే సిద్ధంగా ఉన్నాడన్నది ముఖ్యంగా తోస్తుంది. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సర్వైవల్ రీసెర్చ్ లాబొరేటరీస్ మొదలుపెట్టిన మార్క్ పాలీన్, ఫ్యాక్టరీలు వదిలేసిన సామానుతో నడిచే, మంటలు కక్కే యంత్రాలు చేసి ఒక తరానికి దారి చూపించాడు. 1982లో రాకెట్ ఇంధనంతో చేస్తున్న ప్రయోగం పేలి ఆయన కుడిచేతి వేళ్లు పోయాయి. అంత అనుభవం ఉన్న మనిషికే అలా జరిగింది.

అదే ఊళ్లో 2000లో మొదలైన ఫ్లేమింగ్ లోటస్ గర్ల్స్ బృందం పని మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. ఎక్కువమంది ఆడవాళ్లు, ఉమ్మడి షెడ్డులో ఒకరికొకరు వెల్డింగ్ నేర్పుకుంటూ ఎదిగిన బృందం. 2006లో వాళ్లు కట్టిన సర్పెంట్ మదర్ 168 అడుగుల పొడవున్న పాము అస్థిపంజరం. వెన్నెముక వెంబడి మంటలు లేస్తాయి, తలా దవడలూ హైడ్రాలిక్స్‌తో కదులుతాయి. ఏమీ రానివాళ్లు కూడా వచ్చి చేరి పని నేర్చుకునే పద్ధతి వాళ్లది. 1999లో పుట్టి తర్వాత ఓక్లండ్‌కి మారిన క్రూసిబుల్ అనే సంస్థ పోతపని, వెల్డింగ్, నిప్పు పని మామూలు జనానికి తరగతులు పెట్టి నేర్పుతోంది. అంటే గ్యాస్ పని మీకు రాకపోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు, వచ్చినవాళ్లు పక్కన లేకుండా దిగడమే తప్పు. ఎల్పీజీ లైన్లు వేసే ఫిట్టర్‌ని ఒకరిని మొదటి రోజు నుంచే మీ బృందంలో కలుపుకోండి, చివర్లో పిలిచి చూపించడం కాదు.

సరే, గ్యాస్ విషయానికి వస్తాను. మీరు వాడబోయేది ప్రొపేన్, లేదా ప్రొపేన్ బ్యూటేన్ కలిసిన ఎల్పీజీ. సిలిండర్‌లో అది ద్రవంగా ఉంటుంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతుంది, ద్రవం నుంచి ఆవిరైతే సుమారు 270 రెట్లు పెరుగుతుంది. గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు, కాబట్టి కారితే పైకి పోదు, నేల పట్టుకుని పాకి గుంటల్లోనూ కాలువల్లోనూ చేరుతుంది. గాలిలో సుమారు 2.1 నుంచి 9.5 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది. ఈ అంకె చిన్నదిగా కనిపిస్తుంది కానీ లెక్క వేసి చూడండి. 1 కిలో ప్రొపేన్ ఆవిరైతే అర ఘనమీటరు పైచిలుకు గ్యాస్, అది గాలిలో 2.1 శాతంగా కలిస్తే సుమారు 25 ఘనమీటర్ల మిశ్రమం. 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 2.8 మీటర్ల ఎత్తున్న గది నిండా అంటుకోవడానికి సిద్ధంగా ఉన్న గాలి అన్నమాట, ఒక్క కిలో కారితే. అందుకే సిలిండర్లు షెడ్డు బయట, నీడలో, గాలి ఆడే చోట, నిలువుగా, గొలుసు కట్టి ఉండాలి. షెడ్డు లోపల గ్యాస్‌తో వెలిగించి చూడటం అనే మాటే వద్దు. లోపల ఉన్నప్పుడు లైనులో గాలి నింపి గానీ నైట్రోజన్ నింపి గానీ లీకు పరీక్ష చేసుకోండి, వెలిగించడం ఎప్పుడూ ఆరుబయటే.

లైను ఎలా ఉండాలంటే, సిలిండర్ దగ్గర చేత్తో తిప్పే వాల్వ్, రెగ్యులేటర్, ఎల్పీజీకి తగిన గొట్టం, శిల్పానికి దూరంగా పావు మలుపుతో మూసుకునే బాల్ వాల్వ్ ఒకటి, తర్వాత మెయిన్ సోలెనాయిడ్ వాల్వ్, అంటే కరెంటుతో పనిచేసే వాల్వ్. అక్కడి నుంచి రెండు దారులు. ఒకటి పైలట్‌కి, అంటే ఎప్పుడూ వెలిగే చిన్న మంటకి. రెండోది అక్యుమ్యులేటర్ అనే చిన్న ట్యాంకులోకి, దాని తర్వాత పెద్ద వాల్వ్, ఆ పైన మంట బయటికొచ్చే మూతి. పెద్ద వాల్వ్ తెరవగానే ట్యాంకులో పట్టి ఉంచిన గ్యాస్ ఒక్కసారిగా బయటికొచ్చి పైలట్‌కి అంటుకుని ముద్దలా పైకి లేస్తుంది. మీరు వీడియోల్లో చూసిన మంట ముద్దలన్నీ దాదాపు ఇలా వచ్చేవే. ఆ ట్యాంకు ఒత్తిడి తట్టుకునేలా పరీక్షించి ముద్ర వేసినదే కావాలి. దాని మీద మీరు వెల్డింగ్ చేయకూడదు, చిన్న కొక్కెం కూడా అతికించకూడదు, పట్టీతో బిగించుకోండి.

సోలెనాయిడ్లన్నీ కరెంటు లేకపోతే మూసుకునే రకమే కొనండి. కరెంటు పోయినా, తీగ తెగినా, అన్నిటినీ ఒక్కసారిగా ఆపే ఎర్ర బటన్ నొక్కినా స్ప్రింగు దానంతటదే మూసేస్తుంది. కానీ సోలెనాయిడ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఒకసారి మా పరీక్షలో బటన్ వదిలాక పెద్ద మంట ఆగింది కానీ మూతి దగ్గర చిటికెన వేలంత పసుపు మంట ఆరకుండా అలాగే నిలబడింది. బాల్ వాల్వ్ దగ్గర నిలబడ్డ స్నేహితురాలు ఎవరూ చెప్పక ముందే తిప్పేసింది, రెండు సెకన్లలో ఆరిపోయింది. విప్పి చూస్తే వాల్వ్ కూర్చునే చోట గోరంత టెఫ్లాన్ టేపు పీలిక. పైపు మరలకి టేపు చుట్టేటప్పుడు మొదటి మర వదిలేసి చుట్టాలి, మేం చివరి అంచు దాకా చుట్టాం, కొస తెగి లైనులోకి వెళ్లింది. అప్పటి నుంచి ప్రతి లైనూ బిగించే ముందు లోపల గాలి ఊది శుభ్రం చేస్తాం, బాల్ వాల్వ్ దగ్గర మనిషి లేకుండా వెలిగించం. ఆ మనిషికి వేరే పని ఉండకూడదు, ఫొటోలు తీయడం కూడా కుదరదు.

పైలట్ ఆరిపోయి ఉండగా పెద్ద వాల్వ్ తెరవడం అన్నిటికన్నా ప్రమాదం. అంటుకోని గ్యాస్ మబ్బులా దిగి, ఎక్కడో రవ్వ దొరికాక ఒక్కసారి అంటుకుంటుంది. మీ ఎలక్ట్రానిక్స్ స్నేహితుడి అసలు పని ఇక్కడ ఉంది: పైలట్ వెలుగుతోందని సెన్సర్ చెబితే తప్ప పెద్ద వాల్వ్‌కి కరెంటు వెళ్లకూడదు. సంగీతానికి తగ్గట్టు మంట ఆడించే ప్రోగ్రాం తర్వాత రాసుకోవచ్చు. ఎర్ర బటన్ మాత్రం ప్రోగ్రాం గుండా పోకూడదు, నేరుగా కరెంటునే తెంపాలి. రిమోట్ వైర్‌లెస్ వద్దు, తీగతోనే చేయండి. ఇంకో మాట, శిల్పం మీద వెల్డింగ్ చేసే ముందు ఎలక్ట్రానిక్స్ బోర్డుల కనెక్షన్లన్నీ ఊడదీయండి, లేకపోతే వెల్డింగ్ కరెంటు వాటి గుండా దారి వెతుక్కుని బోర్డులు కాలిపోతాయి.

మంట ఎంత ఎత్తు అని అడిగారు కదా. అది మూతి సైజు, ట్యాంకు సైజు, ఒత్తిడి, గాలి, ఇన్నిటి మీద ఉంటుంది, కాగితం మీద చెప్పలేం. చిన్నది కట్టి, కొలిచి, పెంచుకుంటూ వెళ్లాలి. ఒక విషయం మాత్రం ముందే తెలుసుకోండి. గ్యాస్ వేగంగా లాగితే సిలిండర్ చల్లబడుతుంది, ద్రవం ఉన్నంత ఎత్తు వరకూ బయట మంచు పడుతుంది, ఒత్తిడి పడిపోతుంది, మంట పొట్టిదవుతుంది. అప్పుడు సిలిండర్‌ని టార్చితో వేడిచేసేవాళ్లను నా కళ్లతో చూశాను. ఎప్పుడూ చేయకండి. దాన్ని పడుకోబెట్టడం కూడా తప్పే, ఆవిరికి బదులు ద్రవం లైనులోకి దిగుతుంది. పెద్ద సిలిండర్ వాడండి, లేదా రెండు మూడు కలిపి వాడండి.

కొందరు రంగు మంటల కోసం మిథనాల్‌లో బోరిక్ యాసిడ్ కలుపుతారు, ఆకుపచ్చగా వెలుగుతుంది, అందంగానే ఉంటుంది. అయితే ఉట్టి మిథనాల్ మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు. మొదటి శిల్పానికి దాని జోలికి వెళ్లకండి.

ఇక కదిలే భాగం. నిప్పు పని, యంత్రం పని విడివిడిగా వచ్చినవాళ్లు కూడా రెండూ కలిసేచోట దెబ్బతింటారు, మేమూ తిన్నాం. మీదాని లాగే విచ్చుకునే రేకులు, ఒక్కో రేకుకి 40 మిల్లీమీటర్ల షాఫ్టు, అది తిరిగే ఇత్తడి బుష్షు, ఎంతో శ్రద్ధగా తురిమి 0.1 మిల్లీమీటరు సందు పెట్టాం. చల్లగా ఉన్నప్పుడు రేకును వేలితో తోస్తే చప్పుడు లేకుండా తిరిగేది, అంత బాగా కుదిరిందని అందరికీ చూపించుకున్నాం కూడా. మంట వెలిగించి పది నిమిషాలు ఆడించేసరికి ముందు మూడో రేకు కిర్రుమంది, తర్వాత నిలిచిపోయింది, చైను బిగిసింది, స్ప్రాకెట్ అనే చైను చక్రం పళ్లు రెండు తెగి దూరంగా వెళ్లి పడ్డాయి. గ్రీజు కరిగి కారి పొగ లేస్తోంది. ఏమైందో తెలుసుకోవడానికి లెక్క చాలు. మైల్డ్ స్టీల్ ఒక్క డిగ్రీ వేడికి మీటరుకి 12 మైక్రాన్లు పెరుగుతుంది, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మంట పక్కనున్న షాఫ్టు బుష్షు కన్నా 250 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే 40 మిల్లీమీటర్ల వ్యాసం 0.12 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మేం పెట్టిన సందు 0.1. పట్టేసింది.

అందుకని కీళ్లను మంటకి దూరంగా కిందికి దించండి, రేకుని పొడవాటి కడ్డీతో కదిలించండి. మంటకి దగ్గరగా ఉండక తప్పని చోట సందు ధారాళంగా వదలండి, కాస్త లొడలొడలాడినా పరవాలేదు, గ్రీజుకి బదులు గ్రాఫైట్ వాడండి. మధ్యలో వేడి ఆపే లోహపు పలక ఒకటి, వెనక గాలి ఆడేలా వేలంత ఖాళీ వదిలి బిగించండి. స్టెయిన్‌లెస్ అయితే సమస్య తీరుతుందనుకోకండి, అది ఇంకా ఎక్కువ, మీటరుకి దాదాపు 17 మైక్రాన్లు పెరుగుతుంది. 3 మీటర్ల స్టెయిన్‌లెస్ కడ్డీ 200 డిగ్రీలు వేడెక్కితే 10 మిల్లీమీటర్లు సాగుతుంది. రెండు చివరలూ గట్టిగా వెల్డింగ్ చేసి పెడితే అది వంగైనా తీరుతుంది, అతుకైనా తెగుతుంది. ఒక చివర కోలగా చిల్లు చేసి జరగనివ్వండి. 600 డిగ్రీల దగ్గర మామూలు ఇనుము బలం సుమారు సగానికి పడిపోతుంది కాబట్టి బరువు మోసే కాలమ్‌ మీద మంట నేరుగా పడకూడదు. స్టెయిన్‌లెస్ రేకులు వేడికి ముందు గడ్డి రంగుకి, తర్వాత ఊదాకి, నీలానికి తిరుగుతాయి. ఆ రంగుల కోసమైనా స్టెయిన్‌లెస్ వాడటం నాకిష్టం, పగలు మంట లేనప్పుడు కూడా శిల్పం మంట సంగతి చెబుతూ ఉంటుంది.

కరెంటు పోతే మీ రేకులు ఎక్కడికి వెళ్తాయి? ఈ ప్రశ్నకి జవాబు రాసి గోడకి అంటించండి. బరువుకి దబ్బున తెరుచుకుంటే కింద ఉన్నవాడి తల మీద పడతాయి. ఎదురు బరువు కట్టండి, బ్రేక్ ఉన్న మోటారు వాడండి, చెయ్యి పెట్టి సరిచేయాల్సినప్పుడు అడ్డంగా ఒక పిన్ను దూర్చి గానీ లోపలికి వెళ్లకండి. ఎవరైనా లోపల ఉంటే మెయిన్ స్విచ్‌కి వాళ్ల సొంత తాళం, తాళంచెవి వాళ్ల జేబులో. హైడ్రాలిక్స్ మొదటిసారికి వద్దంటాను. సన్నటి చిల్లులోంచి వచ్చే నూనె చర్మం చీల్చుకుని లోపలికి వెళ్తుంది, చూడటానికి సూది గుచ్చినట్టే ఉంటుంది కానీ వెంటనే ఆపరేషన్ కావాలి. పైగా మంట పక్కన నూనె తుంపర అంటే ఇక చెప్పక్కర్లేదు. తప్పనిసరైతే నీళ్లు, గ్లైకాల్ కలిసిన, సులువుగా అంటుకోని ద్రవం దొరుకుతుంది.

ఇప్పుడు షెడ్డు గురించి. మీరు దీని గురించి ఒక్క ముక్క కూడా అడగలేదు, అందుకే ఎక్కువ రాస్తున్నాను. మీ మూలలో మీరు ఎంత జాగ్రత్తగా ఉన్నా, పక్క మూలలో చెక్క పని చేసే ఆయన రంపపు పొట్టు, ఆ పక్కన పెయింటింగ్ వేసే ఆవిడ టర్పెంటైన్ డబ్బాలు ఉంటాయి. గ్రైండర్ రవ్వలు 11 మీటర్ల దాకా పోగలవని లెక్కపెట్టుకోమంటారు, అమెరికాలో వెల్డింగ్, గ్రైండింగ్ లాంటి వేడి పనుల నియమాలు ఆ దూరం లోపల కాలే వస్తువులు తీసేయాలనో కప్పాలనో చెబుతాయి. రవ్వ పొట్టులో పడితే వెంటనే మంట రాదు, లోలోపల రాజుకుంటూ ఉంటుంది. అందుకే పని ఆపాక మనిషి ఒకరు ఉండి కనిపెట్టాలి. అమెరికా అగ్ని రక్షణ సంఘం, ఎన్‌ఎఫ్‌పీఏ, ఈ కాపలా సమయాన్ని 2019 ప్రమాణంలో అరగంట నుంచి గంటకి పెంచింది. మా షెడ్డులో నియమం ఏమిటంటే తాళం వేయడానికి గంట ముందే గ్రైండింగ్, వెల్డింగ్ బంద్. ఆ గంటలో ఊడ్చుకుంటాం, సామాను సర్దుకుంటాం, టీ తాగుతూ రేపటి పని మాట్లాడుకుంటాం. నిజానికి మా శిల్పాల్లో మంచి ఆలోచనలు చాలావరకు ఆ గంటలోనే పుట్టాయి.

లిన్‌సీడ్ నూనె తుడిచిన గుడ్డల సంగతి చాలామందికి తెలీదు. ఉండ చుట్టి మూల పడేస్తే ఎవరూ నిప్పు పెట్టకుండానే అంటుకుంటాయి, నూనె ఆరేటప్పుడు పుట్టే వేడి ఉండలో బయటికి పోలేక పెరిగిపోతుంది. ఒక ఉదయం షెడ్డు తెరిస్తే చెత్తడబ్బాలోంచి సన్నగా పొగ. అది ఇనుప డబ్బా, మూత ఉంది, అందుకే అక్కడితో ఆగింది. గుడ్డల్ని పరిచి ఆరేయాలి, లేదా నీళ్లు పోసిన మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయాలి.

2016 డిసెంబర్ 2 రాత్రి ఓక్లండ్‌లో ఘోస్ట్ షిప్ అనే గోదాములో మంటలు లేచి 36 మంది చనిపోయారు. కళాకారులు పనిచేసుకుంటూ, అక్కడే నివాసం ఉంటున్న చోటు అది, ఆ రాత్రి పైన సంగీత కార్యక్రమం జరుగుతోంది. అక్కడ శిల్పంలోంచి మంట రాలేదు. సామానుతో కిక్కిరిసిన దారులు, బయటపడటానికి కష్టమైన మెట్లు, అవి ప్రాణాలు తీశాయి. మీ షెడ్డులో లైట్లన్నీ ఆర్పి, కళ్లు మూసుకుని, గోడ తడుముకుంటూ మీ మూల నుంచి తలుపు దాకా ఒకసారి నడిచి చూడండి. ఎక్కడ కాలికి ఏదైనా తగిలిందో అక్కడి సామాను ఆ రోజే తీసేయండి. అందరితో కలిసి చేయండి, మీరు కొత్తగా వచ్చినవాళ్లే కావచ్చు, మంట పని తెచ్చింది మీరు కాబట్టి అడగాల్సిందీ మీరే. ఎవరూ షెడ్డులో పడుకోకూడదన్నది కూడా అప్పుడే మాట్లాడేసుకోండి.

పాత సామాను వాడతారు కాబట్టి ఇంకొన్ని మాటలు. మూసి ఉన్న పాత డ్రమ్మును ఖాళీగా ఉందని కోయకండి, అడుగున మిగిలిన ఆవిరి చాలు పేలడానికి. జింక్ పూత ఉన్న జీఐ పైపుని వెల్డింగ్ చేస్తే వచ్చే తెల్లటి పొగ పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది, పూత గీకేసి, గాలి ఆడేచోట మాస్కు పెట్టుకుని చేయాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన ఇనుము మీద వెల్డింగ్ ఆర్క్ వేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, దీనికి జాగ్రత్త అంటూ ఏమీ లేదు, ఆ డబ్బా వెల్డింగ్ చోటులో ఉండనే కూడదు. ఆక్సిజన్ రెగ్యులేటర్‌కి నూనె చెయ్యి తగలకూడదు. ఆర్క్ వెలుగుకి అడ్డంగా తెర కట్టండి, పక్కవాళ్లు మీ పని చూడకపోయినా అటుగా నడిస్తే చాలు, రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది.

పంచుకునే చోట తగాదాలు పెద్ద విషయాల మీద రావు, గ్రైండింగ్ డిస్కుల మీద వస్తాయి. మామూలు ఇనుము తురిమిన డిస్కుతో ఎవరైనా స్టెయిన్‌లెస్ తురిమితే, ఇనుప రేణువులు అంటుకుని రెండు వారాల్లో ఆ మెరిసే రేకు మీద తుప్పు చుక్కలు లేస్తాయి. స్టెయిన్‌లెస్ డిస్కులకి వేరే డబ్బా పెట్టి రంగు పూయండి. గ్యాస్, వైరు, డిస్కులు ఎవరు ఎంత వాడారో గోడ మీద పలకలో రాసే అలవాటు మొదటి వారంలోనే పెట్టండి. సగం చేసిన ముక్కల మీద పేరు, తేదీ రాయండి, పేరు లేని ఇనుము ఉమ్మడి షెడ్డులో ఎవరిదో ఒకరిది అయిపోతుంది. ఇవి చిన్న విషయాలే, కానీ డిస్కు దగ్గర మాట పట్టింపు వచ్చిన ఇద్దరు రేపు మంట దగ్గర ఒకరి "ఆపు" ఒకరు వినరు. "ఆపు" అన్న మాట ఎవరు అన్నా, ఆ రోజే చేరిన కుర్రాడు అన్నా సరే, వెంటనే ఆగాలి, ఎందుకన్నావని అడగడం ఆ తర్వాతే. మా దగ్గర ఇప్పటిదాకా అనవసరంగా ఆపినందుకు ఎవరినీ ఒక్క మాట అనలేదు.

మొదటిసారి వెలిగించే రోజు ఎలా ఉండాలో చెబుతాను. ఆరుబయట, గాలి తక్కువగా ఉన్న సాయంత్రం, ఇంకా కాస్త వెలుగుండగా. మంట ఎంత ఎత్తు ఉంటుందనుకున్నారో దానికి చాలా దూరంగా తాడు కట్టి, లోపల పనివాళ్లు తప్ప ఎవరూ ఉండకూడదు. అందరూ నూలు బట్టలు, నైలాన్ వద్దు, కరిగి చర్మానికి అంటుకుంటుంది. తడిపిన దుప్పటి, మంటలార్పే డ్రై పౌడర్ సిలిండర్లు, నీళ్ల గొట్టం, వాటి దగ్గర మనుషులు. సబ్బునీళ్లు కుంచెతో ప్రతి అతుకు మీదా పూసి దగ్గరగా కూర్చుని చూడండి, తొందరపడకండి, సన్నటి లీకు బుడగ పొంగడానికి అర నిమిషం పడుతుంది. శిల్పం విప్పి మళ్లీ బిగించిన ప్రతిసారీ ఇది మళ్లీ చేయాలి. తర్వాత ఒట్టి పైలట్ వెలిగించి, ఎర్ర బటన్ నొక్కి ఆర్పండి. మళ్లీ వెలిగించి బాల్ వాల్వ్‌తో ఆర్పండి. మళ్లీ వెలిగించి మెయిన్ కరెంటు తీసేసి ఆర్పండి. ఈ మూడు రకాలుగానూ ఆరాకే పెద్ద వాల్వ్, అదీ తక్కువ ఒత్తిడితో అర సెకను. ముందు బుస్సుమని ఊపిరి వదిలినట్టు వినిపిస్తుంది, వెంటనే గుండెల మీద మెత్తటి దెబ్బలా తగిలే చప్పుడు, ఆ తర్వాత ముఖం మీద వేడి. అయిపోయాక ముందు సిలిండర్ కట్టేసి, లైనులోనూ ట్యాంకులోనూ మిగిలిన గ్యాస్‌ని పైలట్ వెలుగుతుండగానే పూర్తిగా కాలిపోనివ్వండి. బటన్ నొక్కితే మంట ఆగుతుంది కానీ ట్యాంకులో గ్యాస్ అలాగే ఉంటుంది, అలా నింపి ఉన్న శిల్పాన్ని షెడ్డులోకి తోయకూడదు.

జనం ముందు ఆడించాలంటే అగ్నిమాపక శాఖ వాళ్ల దగ్గరికి శిల్పం పూర్తయ్యాక కాదు, బొమ్మ గీసినప్పుడే వెళ్లండి. ప్రేక్షకుల ముందు వాడే మంటల కోసం ఎన్‌ఎఫ్‌పీఏ 160 అనే ప్రమాణం ఉంది, మీ చోట వేరే నియమాలున్నా అది చదివితే వాళ్లు ఏం అడుగుతారో ముందే తెలుస్తుంది. నా అనుభవంలో ఫైర్ వాళ్లు ఈ పనిని ఎంతో ఇష్టంగా చూస్తారు, ఆర్పే దారి మనం ముందు చూపిస్తే.

మూతి, ట్యాంకు సైజుల గురించి మీరడిగినదానికి ఇంకా జవాబు చెప్పలేదని తెలుసు. మీ గ్యాస్ లైను బొమ్మ ఒకటి గీసి పెట్టండి. సిలిండర్ ఎక్కడ, బాల్ వాల్వ్ ఎక్కడ, ఎర్ర బటన్లు ఎన్ని, ఒక్కోదాని దగ్గర మీ ఆరుగురిలో ఎవరు నిలబడతారో పక్కనే రాయండి. కరెంటు పోతే రేకులు ఎటు వెళ్తాయో బాణం గుర్తు వేయండి. అది చూశాక సైజులు లెక్క వేసుకుందాం, ఫిట్టర్‌ని కూడా ఆ మాటల్లో కూర్చోబెట్టండి.